ఈగ చేసిన న్యాయం

అద్భుతాలతో నడిచే చిత్రం ఏది వచ్చినా మనలో రెండు పక్షాలు వెంటనే ఏర్పడతాయి. ఒక పక్షం అది పలాయనవాదమని కొట్టిపారేస్తుంది. రెండో పక్షం కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు అనే సామెత చెప్పి మాట్లాడకుండా చూడమంటుంది. మొదటివారు చిత్రాన్ని చూడకుండానే తీర్పు చెబుతారు. రెండోవారు చూసి కూడా ఏ తీర్పూ చెప్పరు. ఈ రెండు వైఖరులూ విమర్శ కాజాలవని నా అభిప్రాయం. కట్టుకథ ప్రేక్షకుణ్ణి కొన్ని మినహాయింపులు కోరుతుంది. అతను ఇస్తాడు. కథ కోరిన మినహాయింపు ఏది, కథ కోరకుండానే మనం ఇచ్చేసింది ఏది అని విడదీసి చూడాలి. అలా చూస్తే మనకు తెలిసేది కథను గురించి కాదు, మనల్ని గురించి.

ఇందుకు నేను ఉదాహరణగా తీసుకుంటున్నది ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2012 జులై 6న విడుదలైన "ఈగ". నాని అనే మామూలు యువకుడు పొరుగున ఉండే బిందును ప్రేమిస్తాడు. ఆమెపై కన్నువేసిన సుదీప్ అనే ధనికుడు నానిని చంపేస్తాడు. నాని ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడు. కథ ఇంతే. కూతురు పడుకోబోతూ కథ చెప్పమంటే తండ్రి చెప్పిన కథగా చిత్రం మొదలవుతుంది. అంటే, ఇది కట్టుకథేనని చిత్రమే ముందుగా ఒప్పుకుంటుంది. ఒప్పుకుని, మనల్ని ఏడు సముద్రాల అవతలికి కాక, కార్లూ ఆఫీసులూ ఉన్న నేటి పట్నంలోకి తీసుకుపోతుంది.

ప్రేక్షకులు దాన్ని విశేషంగా ఆదరించారు. తమిళంలో కూడా అదే సమయంలో తీశారు. "మక్ఖీ" అనే పేరుతో హిందీలోకి వెళ్లింది. 60వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికయింది, స్పెషల్ ఎఫెక్టులకూ పురస్కారం వచ్చింది. 2013లో టొరాంటోలో జరిగిన ఒక చిత్రోత్సవంలో కూడా బహుమతులు పొందింది. సమీక్షకుల మెప్పులో పెద్ద భాగం కంప్యూటరు మీద తయారైన ఈగకూ, ఎదుట లేని ఈగతో పెనుగులాడుతున్నట్టు నటించిన కన్నడ నటుడు సుదీప్‌కూ దక్కింది. దక్కవలసిందే. కాని పనితనాన్ని మెచ్చుకోవడంతో విమర్శ ముగిసిపోదు.

మన ప్రేక్షకులకు ఇలాంటి కథ కొత్త కాదు. 1951లో వచ్చిన "పాతాళభైరవి"లో తోటమాలి కొడుకు రాజకుమారిని ప్రేమిస్తాడు. రాజుకు దీటైన సంపద సంపాదించవలసి వస్తుంది. ఏ తోటమాలి కొడుకూ చెమటోడ్చి అంత సంపద కూడబెట్టలేడు గనక కథలోకి మాంత్రికుడూ, కోరినదిచ్చే దేవతా వచ్చారు. 1990 మే 9న తీరాన్ని తుఫాను కొట్టిన రోజునే "జగదేకవీరుడు అతిలోకసుందరి" విడుదలయింది. వానల్లోనూ జనం వెళ్లి చూశారు. అందులో ఇంద్రుని కూతురు పోగొట్టుకున్న ఉంగరం అనాథ పిల్లలను సాకుతున్న ఒక గైడుకు దొరుకుతుంది. గమనించండి: అద్భుతం ఎప్పుడూ లేనివాడి పక్కకే వస్తుంది. ఉన్నవాడికి దాని అవసరం లేదు.

నేనుండేది హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్‌లో. ఇక్కడికి కొద్ది దూరంలోనే శామీర్‌పేట. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం అక్కడ ఉంది. అదే ప్రాంతంలో, తుర్కపల్లి వైపు, టీకాలు తయారుచేసే సంస్థలూ జీవశాస్త్ర పరిశోధనశాలలూ ఉన్న జీనోమ్ వ్యాలీ ఉంది. మేడ్చల్ చుట్టూ ఫ్యాక్టరీలు. న్యాయం చదివేవారూ, ప్రాణిని పరిశోధించేవారూ, రెక్కలు ముక్కలు చేసుకునేవారూ ఒకే రోడ్ల మీద తిరుగుతుంటారు. టీవీలో ఈ చిత్రం వచ్చినప్పుడల్లా నేను వీరిలో కొందరితో మాట్లాడాను.

పరిశోధనశాలలో పనిచేసే ఒకాయన నవ్వాడు. ఇంటి ఈగ ఆయుష్షు వారాలలో లెక్క అనీ, ఇంత పగ తీర్చుకోవడానికి దానికి తీరిక ఎక్కడిదనీ అన్నాడు. అని, మళ్లీ కుర్చీ జరుపుకుని చివరిదాకా చూశాడు. న్యాయశాస్త్రం చదివే కుర్రవాడు మాత్రం నవ్వలేదు. బాధితుడే సాక్షి, అతనే న్యాయమూర్తి, అతనే తలారి అయ్యే కథకు చప్పట్లు కొట్టడం తనకు భయం కలిగిస్తుందన్నాడు. ఫ్యాక్టరీలో పనిచేసే ఒక మనిషిని, ఈగ మనిషిని చంపడం నమ్మబుద్ధి అయిందా అని అడిగాను. "కథ గద సారూ. కథల ఈగ కొట్లాడ్తది. దాంట్ల ఏమున్నది?" అన్నాడు. మరి నానిని చంపినందుకు కేసు ఎందుకు నడవలేదని అడిగాను. అతను నన్ను జాలిగా చూశాడు. "పైసలున్నోని మీద కేసా? గది ఇంకా పెద్ద కథ అయితది" అన్నాడు.

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ చిత్రానికి ప్రేక్షకులు రెండు మినహాయింపులు ఇచ్చారు. మొదటిది ప్రకృతి నియమాల నుంచి: చచ్చినవాడు ఈగై పుడతాడు, పగ గుర్తుపెట్టుకుంటాడు. ఇది కథ అడిగి తీసుకున్న మినహాయింపు. రెండోది సంఘ నియమాల నుంచి: ఒక ధనికుడు మనిషిని చంపి మర్నాడు మామూలుగా తన ఆఫీసుకు వెళతాడు, హత్యకు న్యాయస్థానంలో విచారణ ఉండదు. దీన్ని కథ ప్రత్యేకంగా అడగలేదు. అడగవలసిన అవసరం రాలేదు. ఈగ విషయంలో "ఇదెలా సాధ్యం?" అని కనీసం నవ్వుకున్నవారు కూడా హంతకుడి విషయంలో ఆ ప్రశ్న వేయలేదు. మొదటిదాన్ని కల్పన అనుకుని ఒప్పుకున్నాం, రెండోదాన్ని వాస్తవం అనుకుని ఒప్పుకున్నాం.

కాబట్టి ఇది పలాయనమనే విమర్శ నిలవదు. పారిపోయేవాడు తాను దేని నుంచి పారిపోతున్నాడో మరచిపోవాలి. ఈ చిత్రం చూసేవాడు దాన్ని క్షణం కూడా మరచిపోలేదు. అతనికి చట్టం మీద ఎంత నమ్మకం ఉందో ఈగ కథ కొలిచి చూపింది. ఆ కొలతకు చిత్రం బాధ్యత వహించనక్కరలేదు.

మరొక సంగతి విమర్శకుల దృష్టిని అంతగా ఆకర్షించలేదు. ఈ కథలో మంత్రగాడు ఎవరి పక్షాన ఉన్నాడు? ధనికుడి పక్షాన. అతనే డబ్బిచ్చి తెచ్చుకున్నాడు. "పాతాళభైరవి" నాటికి మంత్రశక్తి పేదవాడి చేతికి కూడా చిక్కేది. ఇప్పుడు అది కూడా కొనుగోలు సరుకయింది. ఈగకు పునర్జన్మ తప్ప మరే వరమూ లేదు. అది కసరత్తు చేస్తుంది. బిందు సూక్ష్మకళ తెలిసిన పిల్ల. తన చేతిపనితో దానికి సరిపడే చిన్న చిన్న పనిముట్లు తయారుచేస్తుంది. అంటే గెలుపు సాధన వల్ల, పనితనం వల్ల, ఇద్దరు కలిసి పనిచేయడం వల్ల వచ్చింది. ఇటువంటి కథను మూఢనమ్మకాల జాబితాలో వేయడం తొందరపాటు.

అలాగని చిత్రాన్ని పూర్తిగా వెనకేసుకు రాలేను. నాని బతికి ఉండగా చేసేదేమిటి? ఆ పిల్ల జవాబివ్వకపోయినా విడవకుండా వెంటపడతాడు. ఆమె మనసులో అతనంటే ఇష్టమే ఉన్నదని కథ మనకు చూపించి, మన అభ్యంతరాన్ని ముందే తోసేస్తుంది. కాని రోడ్డు మీద వెంటపడేవాడికి ఎదుటి పిల్ల మనసు కనిపించదు. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి చీకట్లో బస్సుకోసం నడిచే ఆడపిల్లకు అతని ప్రేమ అచ్చమైనదో కాదో తేల్చుకునే తీరిక ఉండదు. ఇక్కడ "కట్టుకథ గదా" అనే సమాధానం చెల్లదు. కల్పనకు ప్రకృతి నియమాల నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. మనుషులు ఒకరితో ఒకరు నడుచుకునే పద్ధతి నుంచి ఇవ్వరాదు. ఈగ ఎగరడం చూసి ఎవరూ ఎగరబోరు. నాని వెంటపడటం చూసి మాత్రం వెంటపడేవారు ఉంటారు.

ఇక న్యాయశాస్త్రం చదివే కుర్రవాడి భయం. అది నిజమైన భయం. 2019 డిసెంబరులో, హైదరాబాదు శివార్లలో జరిగిన ఒక దారుణమైన అత్యాచార హత్య కేసులో, నిందితులు నలుగురు విచారణ జరగకుండానే పోలీసుల చేతిలో చనిపోయారు. అప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన విచారణ సంఘం 2022లో ఇచ్చిన నివేదికలో, నిందితులను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చింది. తెర మీద ఈగకు కొట్టిన చప్పట్లకూ వీధిలో చల్లిన పూలకూ సంబంధం లేదని నేను అనలేను. రెండింటికీ మూలం ఒకే నిస్పృహ: న్యాయస్థానం దాకా పోతే న్యాయం దొరకదు.

అయితే వాటి మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. ఈగ కథలో హంతకుడెవరో మనం కళ్లారా చూశాం. వీధిలో మనం చూడలేదు, ఎవరో చెబితే నమ్మాం. ఈగ బలహీనమైనది, బలవంతుడితో తలపడింది. తుపాకి పట్టిన ప్రభుత్వం బలహీనమైనది కాదు. కథలోని న్యాయాన్ని యథాతథంగా వీధిలోకి తెచ్చుకుంటే ఈగ స్థానంలో సుదీప్ వచ్చి కూర్చుంటాడు. ఎప్పుడైనా విచారణ లేకుండా చంపగల శక్తి అతనికే ఉన్నది గనక.

మరి అసంభవంలో దొరికిన న్యాయానికి సంతోషించడం తప్పా? తప్పు కాదు. న్యాయం జరగాలన్న కోరిక చావలేదని ఆ సంతోషమే చెబుతుంది. తప్పు దానితో తృప్తిపడి ఊరుకోవడంలో ఉన్నది. మన పిల్లలందరూ ఏడు చేపల కథ వింటూ పెరిగినవారే. ఒక చేప ఎండలేదు. ఎందుకని అడిగితే గడ్డిమోపు మీదికి పోతుంది, అక్కడినుంచి ఆవు, పశువుల కాపరి, ఇలా చివరికి చీమ దాకా పోతుంది. కుట్టిన చీమను కూడా ఎందుకు కుట్టావని అడుగుతారు. దానికీ ఒక కారణం ఉంటుంది, తన పుట్టలో వేలు పెట్టారని. ఆ కథ చెప్పే నీతి ఏమీ లేదు. ఎక్కడా ఆగకుండా అడగడం మాత్రం నేర్పుతుంది.

"ఈగ" చూసినవారు ఈగ ఎందుకు పగబట్టిందని అడిగారు, జవాబు దొరికింది, అక్కడ ఆగారు. చంపినవాడికి చంపగలనన్న ధైర్యం ఎక్కడిది, అతనిపై కేసు నడవడం పెద్ద కట్టుకథలా ఎందుకు తోచిందని అడిగితే, ఆ ప్రశ్న సినిమా హాలు దాటి మన పోలీసు స్టేషన్ల దాకా, కోర్టుల దాకా, మన ఓట్ల దాకా పోతుంది. ఆ ప్రశ్న మేడ్చల్ ఫ్యాక్టరీ మనిషి అడగవలసింది కాదు. అతను జవాబు ముందే చెప్పాడు. అడగవలసినవారు న్యాయం చదివేవారూ, రాసేవారూను.