రాత్రి కావలివాడు

క్రికెట్టు ఆటలో ప్రొద్దు గ్రుంకు వేళ వికెట్టు పడినయెడల, మంచి బ్యాటుదారుని మరునాటికి కాపాడుటకై ఒక బౌలరును ముందుగా పంపుదురు. అతనికి రాత్రి కావలివాడని పేరు. మన హైదరాబాదు స్పిన్నరు వెంకటపతి రాజు 1990లో న్యూజీలాండునందు తన మొదటి టెస్టులోనే ఈ పనికి పంపబడెను. అవతలి కొనను ఆరు వికెట్లు పడినను, అతడు రెండు గంటలకు పైగా నిలిచి 31 పరుగులు చేసెను. మనవారు ఓడిరి, అయినను అతని నిలుకడ వ్యర్థమని ఎవరనగలరు?

అలసిపోయి, బెసోరు వాగు దాటలేక సామాను కాచిన 200 మందికిని, యుద్ధమునకు పోయినవారికిని దావీదు సమానభాగమే నియమించెను (1 సమూ. 30). కాబట్టి ఆరాంఘర్‌లో రాత్రి కావలి కాయువారమైనను, గుడి ఊడ్చి గంట కొట్టువారమైనను, మన పని అల్పమని క్రుంగిపోక, మనలను పంపిన ప్రభువును చూచి నిలిచియుందము.