కుండ ఎవరిది?

మద్యం మంచిదా, చెడ్డదా అన్న చర్చ మనకు పాతది. అంతకన్న కష్టమైన ప్రశ్న మరొకటి ఉంది. ఒక కుటుంబం తన ఇంటి మూల, ఒక్క కుండలో, తన వాడకానికి సారా కాచుకుంటే అందులో నేరం ఎక్కడున్నది?

వరంగల్లులో సాహిత్యం బోధించే నాకు ఇది పుస్తకాలలో దొరికిన ప్రశ్న కాదు. మా పాత జిల్లాలోని ములుగు, ఏటూరునాగారం అడవుల్లో కోయవారికి ఇప్పపువ్వు ఇంటి దినుసు. ఎండిన పువ్వును కుండలో నానవేస్తారు. కొన్నాళ్ళకు పులుస్తుంది. పొయ్యి మీద కాచి, ఆవిరిని చల్లబరిస్తే సారా దిగుతుంది. కొలుపుకు కొంత, పెళ్ళికి కొంత, చావుకు కొంత. కుండ ఎంతో తాగుడూ అంతే.

చరిత్ర చూడండి. 1879లో రంప మన్యం తిరగబడింది. ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడాన్ని కూడా ఆబ్కారీ నిబంధనలు నిషేధించడం, కల్లు గుత్తదారుల పాలు కావడం, పైన మన్సబుదారు చిగురుపన్ను, ఇవి ఆ తిరుగుబాటుకు ముఖ్య కారణాలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమ ఫలితంగానే 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. ఒకరు కల్లు కోసం, మరొకరు సారా మీద పోరాడారని పైపైన చూసేవారు అంటారు. కాని ఇద్దరూ ఎదిరించింది ఒకదాన్నే: తాగుడును ఖజానాకు ఆదాయంగా, గుత్తదారుకు లాభంగా మార్చిన వ్యవస్థను. కుండకు అంచు ఉంది, లాభానికి లేదు.

నీతి కూడా వర్గాన్ని చూసి మాట్లాడుతుంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం అక్కడికక్కడే బీరు కాచి అమ్మే చిన్న తయారీశాలలకు లైసెన్సు నిబంధనలు తెచ్చింది. ఆ ఏడే గుడుంబా బట్టీల మీద దాడులు జరిపింది. పులియడం రెండుచోట్లా ఒకటే. ఒకటి వ్యాపారమైంది, ఒకటి నేరమైంది.

అయితే ఇక్కడే ఆగిపోతే మన ఆలోచన సగమే. చిన్న కుండను పొగడడం సులభం. ఒంటిగది ఇంట్లో పొయ్యి, పక్క, పిల్లల పుస్తకాలు, బెల్లం నీళ్ళు పులిసే కుండ, అన్నీ ఒక్కచోటే. నీళ్ళు మోసేది ఆమె. పొగ మింగేది ఆమె. తాగినవాడి దెబ్బ తినేదీ ఆమే. గుత్తదారు లేనంత మాత్రాన ఆమెకు స్వేచ్ఛ వచ్చినట్టేనా?

షెడ్యూల్డు ప్రాంతాలలో మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, అదుపు చేసే అధికారం గ్రామసభకు ఇవ్వాలని 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం చెప్పింది. ఇందులో గొప్ప సూత్రం ఉంది: నిర్ణయం కుండకు దగ్గరగా ఉండాలి. నేను మరొక్క అడుగు ముందుకు వేయమంటాను. ఆ సభలో కుండ మోసే స్త్రీ మాట చెల్లాలి. కాచే చేతికే పారబోసే హక్కూ ఉండాలి. ఆ హక్కు లేని చోట ఇంటి కుండ కూడా వెట్టిచాకిరే.