ఒకటి మిగిలితే

మనకు తెలిసిన ఆటలన్నీ దాదాపు కూడికలే. క్రికెట్‌లో పరుగులు పెరగాలి, కబడ్డీలో పాయింట్లు పెరగాలి, వైకుంఠపాళిలో సైతం ఒకటో గడి నుంచి పైపైకి ఎక్కాలి. డార్ట్స్ మాత్రం తీసివేతల ఆట. ఆటగాడు గీత దగ్గరికి వచ్చి నిలబడేసరికే అతని పేరు కింద 501 అని రాసి ఉంటుంది. అతడింకా చెయ్యి కూడా ఎత్తలేదు. అయినా 501 అతని మీద ఉంది. విడతకు మూడు డార్ట్‌ల చొప్పున విసురుతూ, తగిలినంతా తీసేసుకుంటూ, చివరికి సరిగ్గా సున్నా దగ్గర ఆగాలి. ముందు సున్నా అయినవాడిదే గెలుపు.

ఏమీ చెయ్యకముందే లెక్క మన మీద ఉండటం వేదాంతం చదివినవారికి కొత్త సంగతి కాదు. కర్మను మూడుగా విడదీసి చెప్పేటప్పుడు మన పెద్దలు బాణాన్నే ఉదాహరణగా తీసుకున్నారు. అంబులపొదిలో ఉన్నది సంచితం, వింట సంధించినది ఆగామి, చేతినుంచి వెళ్లిపోయినది ప్రారబ్ధం. జ్ఞానం కలిగాక పొదిలోవి పారెయ్యవచ్చు, సంధించినదాన్ని దించవచ్చు. వెళ్లినదాన్ని మాత్రం పిలవలేం, దాని వేగం తీరాలి. ఛాందోగ్య భాష్యంలో శంకరులు తీసుకున్న దృష్టాంతం ఇదే. ఆయన పేరున ఉన్న ‘వివేకచూడామణి’లో ఇది ఇంకా పదునుగా కనిపిస్తుంది. పులి అనుకొని బాణం వదిలాడు, అది ఆవని మరుక్షణం తెలిసింది. తెలిసినంత మాత్రాన బాణం ఆగదు.

పాతబస్తీలోని ఛత్రినాకలో మా ఎదుటి మేడ మీద ఆషాఢ మాసపు ఆదివారాల్లో ఈ ఆటను దగ్గరగా చూశాను. బోనాల చందాల పని ముగించుకొచ్చిన కుర్రాళ్లు నీళ్ల ట్యాంకు కింది గోడకు మేకు కొట్టి బోర్డు తగిలించారు. పొరపాటుకు తావివ్వకుండా టేపు పెట్టి కొలిచారు. బోర్డు నడిబొట్టు నేల నుంచి 5 అడుగుల 8 అంగుళాల ఎత్తున ఉండాలి. నిలబడే గీత బోర్డు ముఖానికి 7 అడుగుల 9¼ అంగుళాల దూరంలో ఉండాలి. సుద్దముక్కతో గీత గీశారు, పలక మీద ఎనిమిది పేర్లు రాశారు. ఓడితే ఔట్, రెండో అవకాశం లేదు. కింద సందులో బండ్ల హారన్లు, లాల్ దర్వాజా వైపు నుంచి మైకులో అమ్మవారి పాటలు. అంత హోరులోనూ డార్ట్ వెళ్లి నారలో దిగిన చప్పుడు స్పష్టంగా వినిపించేది. మంచి బోర్డును సిసల్ అనే మొక్క నారను గట్టిగా అదిమి చేస్తారు. డార్ట్ లాగెయ్యగానే ఆ నార మళ్లీ దగ్గరికి జరిగి గాయం పూడుకుంటుంది.

బోర్డు మీద అంకెల అమరికను నింపాదిగా చూడండి. అన్నిటికంటే పెద్దదైన 20 నెత్తిన కూర్చుంటుంది, దానికి ఒక పక్క 1, మరో పక్క 5. కింద 19 ఉంది, దాని పక్కన 3, 7. ఎక్కువ ఆశించిన చోటనే వెంట్రుకవాసి తేడాకు ఎక్కువ నష్టం జరిగేలా ఈ చక్రాన్ని అమర్చారు. ఇంకో విశేషం, నడిబొట్టు విలువ 50 మాత్రమే. పైన 20కి మూడు రెట్లు ఇచ్చే సన్నని పట్టీలో గుచ్చుకుంటే 60 వస్తుంది. కొత్తగా ఆడేవాడు నడిబొట్టుకే గురిపెడతాడు, తెలిసినవాడు పైకి చూస్తాడు. అయితే ఆట చివరికి వచ్చేటప్పుడు ఈ నడిబొట్టుకు మరో యోగ్యత ఉంది. అది 25కు రెట్టింపు కనుక ఆటను ముగించగలదు. కేంద్రం మొదట ఒక అంకె మాత్రమే, ముగింపు దగ్గరే అది ద్వారమవుతుంది. ధ్యానానికి కూర్చున్న మొదటి రోజే హృదయకుహరం తెరుచుకోలేదని నిరాశపడేవారికి నేను ఈ బోర్డునే చూపిస్తాను.

ఇక ముగింపు నియమం. చివరి డార్ట్ నడిబొట్టులో కాకపోతే బోర్డు అంచున ఉన్న రెట్టింపు పట్టీలోనే దిగాలి. ఆ పట్టీ వెడల్పు 8 మిల్లీమీటర్లు. ఆ ఆదివారం ఒక కుర్రాడికి 32 మిగిలింది. 16 రెట్టింపుకు గురిపెట్టాడు, కొద్దిగా లోపల పడి ఒంటి 16 తగిలింది. ఇంకా 16 ఉంది, ఇప్పుడు 8 రెట్టింపు కావాలి. 16, 8 పక్కపక్కనే ఉంటాయి. చెయ్యి అలవాటున పాత చోటికే వెళ్లింది, మళ్లీ ఒంటి 16.

“సున్నా అయింది గదనే!” అని ఎగిరాడు.

“అయింది గని డబుల్ తోని కాలె. బస్ట్. మళ్ల ముప్పై రెండే నీకు,” అన్నాడు పలక పట్టుకున్నవాడు.

ఆ విడతలో తీసేసుకున్నదంతా తిరిగొచ్చి పేరు కింద కూర్చుంది. సున్నాకు చేరాడు కానీ చేరిన తీరు చెల్లలేదు. నాకు ఈ నియమంలో కనిపించే అర్థం ఒకటుంది. చలీ వేడీ, మానమూ అవమానమూ, లాభమూ నష్టమూ అని భగవద్గీత ఎక్కడ చెప్పినా జంటగానే చెబుతుంది. అవమానం పోవాలి, మానం ఉండాలి అంటే ఆ జంటలో ఒంటి భాగాన్నే తీసినట్టు. ఒంటితో వచ్చిన శాంతి లెక్కకు సున్నాలాగే కనిపిస్తుంది. నిద్రమాత్ర వేసుకొని పొందిన నెమ్మది, అలిగి ఇల్లు విడిచిన వైరాగ్యం అలాంటివే. మర్నాడు పాత అంకె పాత చోటనే ఉంటుంది.

దీనికంటే నన్ను ఎక్కువసేపు ఆపిన నియమం మరొకటి ఉంది. 17 ఉన్నవాడు 16 కొడితే 1 మిగులుతుంది. ఒకటి మిగిలినా బస్టే. ఎందుకంటే రెట్టింపుల్లో అన్నిటికంటే చిన్నది 2, ఒకటిని తీసెయ్యగల చోటు బోర్డు మొత్తంలో ఎక్కడా లేదు. 500 తీసేసి, ఆ ఒక్కటి ఉంచుకుంటానంటే ఆట ఒప్పుకోదు.

ఆ ఒక్కటి ఏదో సాధకులకు తెలుసు. రుచులు వదిలాడు, కోపం వదిలాడు, ఆస్తి పిల్లలకు రాసిచ్చాడు, మాట తగ్గించాడు. అన్నీ పోయాక “వదిలినవాణ్ణి నేను” అన్న ఒకటి మిగిలింది. ఇన్నాళ్లూ అది తక్కినవాటి మధ్య చిన్నగా ఉండేది, ఇప్పుడు ఒంటరిగా నిలబడి ఇంతెత్తున కనిపిస్తోంది. దాన్ని తీసెయ్యడానికి ఏ సాధన చేసినా ఆ సాధన చేసేది కూడా అదే. రమణ మహర్షి ‘నేనెవరు’లో దీనికి శ్మశానం నుంచి ఉపమానం తెచ్చారు. “నేనెవరు” అన్న తలపు తక్కిన తలపులన్నిటినీ కాల్చి, చితిని కదిలించే కర్రలాగా చివరికి తానూ కాలిపోతుందన్నారు. కర్రను పక్కన పెట్టి ఇంటికి తెచ్చుకోవడం ఉండదు. నా దృష్టిలో అంతర్ముఖ సాధన గురించి ఇంత నిర్మొహమాటమైన మాట ఇంకొకటి లేదు.

పాతబస్తీలో పెరిగినవాళ్లకు ఈ భావం పుస్తకాల నుంచి రానక్కరలేదు. బోనాల మర్నాడు ఘటాలు ఊరేగింపుగా బయల్దేరి చార్మినార్ మీదుగా నయాపూల్ చేరతాయి. అన్ని రోజులు పసుపు కుంకుమలతో కొలిచిన ఘటాన్ని అక్కడ మూసీకి అప్పగించి వస్తారు. గుడికి తిరిగి తెచ్చేదేమీ ఉండదు.

మహాభారతంలో ద్రోణుడు పెట్టిన పరీక్ష అందరికీ తెలిసినదే. చెట్టు మీద బొమ్మ పక్షిని పెట్టించి ఒక్కొక్కరినీ ఏం కనిపిస్తోందని అడుగుతాడు. ధర్మరాజుకు పక్షితోపాటు చెట్టు, అన్నదమ్ములు, గురువు అందరూ కనిపించారు. పక్కకు తప్పుకోమన్నాడు ద్రోణుడు. తరువాత వచ్చినవాళ్లదీ అదే గతి. అర్జునుడికి పక్షి తప్ప మరేదీ కనిపించలేదు, మళ్లీ అడిగితే తల మాత్రమే కనిపిస్తోందన్నాడు. పురాణ ప్రవచనాల్లో దీన్ని అర్జునుడి ఏకాగ్రతకు నిదర్శనంగా చెప్పి ముందుకు వెళతారు. ఇది కూడా తీసివేతే అని నాకనిపిస్తుంది. చెట్టు పోయింది, అన్నదమ్ములు పోయారు, గురువు పోయాడు, పక్షి ఒళ్లు పోయింది. మిగతావారికంటే అర్జునుడు చూసింది తక్కువ, అందుకే కొట్టగలిగాడు.

ఆ కథ అక్కడ ముగియలేదు. ఏళ్లు గడిచాయి. అదే అర్జునుడు కురుక్షేత్రంలో రెండు సేనల మధ్య రథం నిలబెట్టమన్నాడు. అప్పుడు ఏం కనిపించింది? తాతలు, గురువులు, మేనమామలు, అన్నదమ్ములు, కొడుకులు, స్నేహితులు. చెట్టు కింద నిలబడిన రోజున తీసేసిన వాళ్లంతా ఒక్కసారిగా తిరిగి వచ్చారు. ద్రోణుడే ఎదురుగా ఉన్నాడు. గాండీవం చేతిలోంచి జారిపోయింది. ఆ మేడ మీద కుర్రాడికి 32 తిరిగొచ్చినట్టే అర్జునుడికి తన లెక్కంతా తిరిగొచ్చింది. బాల్యంలో చేసిన తీసివేత నైపుణ్యం వల్ల జరిగింది. కంటిని ఇరుకు చేసుకుంటే చుట్టూ ఉన్నది కనిపించకుండా పోతుంది, కానీ నశించదు. అప్పుడు మిగిలిన “నా గురి”, “నా విద్య” అన్న ఒకటి చెక్కుచెదరకుండా ఉంది. పద్దెనిమిది అధ్యాయాలు ఆ ఒకటి కోసమే నడిచాయి.

గురి విద్య బయటి రూపంలో ఎంత కఠినమో మన కాలంలో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖను చూస్తే తెలుస్తుంది. కాంపౌండ్ విలువిద్యలో లక్ష్యం 50 మీటర్ల దూరంలో ఉంటుంది, నాకౌట్ మ్యాచ్‌లో ఒక్కొక్కరికి 15 బాణాలు. 2023 ఆగస్టులో బెర్లిన్ ప్రపంచ పోటీల సెమీఫైనల్లో ఆమె మన దేశానికే చెందిన అదితి స్వామి చేతిలో ఓడి కాంస్యంతో తిరిగి వచ్చింది. అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మళ్లీ సెమీఫైనల్లోనే అదే అదితి ఎదురైంది. ఈసారి సురేఖ గెలిచింది, ఫైనల్లో కొరియా క్రీడాకారిణిపై 149-145తో స్వర్ణం సాధించింది. 150కి 149. రెండు నెలల కింద తనను ఓడించిన మనిషి పక్కన నిలబడి, ఆ ఓటమిని కళ్లముందు నుంచి తీసేసుకొని బాణం వదలాలంటే లోపల ఎంత తపస్సు జరగాలో ఊహించండి. ఆ పతకం ముందు నేను మనస్ఫూర్తిగా చేతులు జోడిస్తాను.

నాకౌట్ పోటీ లెక్క చాలా నిష్ఠురం. ఎనిమిది మంది ఆడితే ఏడుగురు ఓటమితోనే ఇంటికి వెళ్లాలి. లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో జరిగే ప్రపంచ డార్ట్స్ పోటీలో ఇప్పుడు 128 మంది, అంటే 127 ఓటములు. ఓడినవాడు ఏం చెయ్యాలన్నదే అసలు ప్రశ్న, ఎందుకంటే మనలో దాదాపు అందరిదీ ఆ స్థానమే. దీనికి ఇంగ్లండ్ మధుశాలల్లో ఒక పాత ఆచారం ఉంది, ఓడినవాడు తరువాతి ఆటకు సుద్దముక్క పట్టుకొని లెక్క రాయాలి. మా ఎదుటి మేడ మీద కుర్రాళ్లకు ఆ ఆచారం తెలిసి ఉండకపోవచ్చు, కానీ అదే పాటించారు. బస్ట్ అయి ఓడిన కుర్రాడు పలక అందుకున్నాడు. ఆడుతున్నంతసేపూ 32లోంచి 16 తీసెయ్యడానికి తడబడినవాడు, ఇప్పుడు ఎదుటివాళ్ల 141లోంచి 57 తీస్తే 84 అని క్షణంలో రాస్తున్నాడు. చేతికి వణుకు లేదు. ఎవరు గెలుస్తారన్న దిగులు లేదు.

ముండకోపనిషత్తు మూడో ముండకం మొదట్లో ఒకే చెట్టు మీద రెండు పక్షులు ఉంటాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. ద్రోణుడి చెట్టు మీద పక్షి ఒకటే, అది కొట్టడానికి పెట్టినది. ఉపనిషత్తు చెట్టు మీద చూసే పక్షిని ఎవరూ కొట్టలేరు, అది పోటీలో లేదు. ఓడి పలక పట్టుకున్న కుర్రాడిలో ఆ రెండో పక్షి కాసేపు కనిపించింది. ఆటలో ఉన్నప్పుడే అలా చూడగలిగితే అతడు సాక్షి అన్న మాటకు తగినవాడే.

అదే ఉపనిషత్తు రెండో ముండకం రెండో ఖండంలో విల్లూ బాణమూ వస్తాయి. ప్రణవం విల్లు, ఉపాసనతో పదునెక్కిన బాణం ఆత్మ, లక్ష్యం అక్షరబ్రహ్మం. ఏమరుపాటు లేకుండా కొట్టి, బాణం గురిలో కలిసిపోయినట్టు తన్మయం కావాలంటుంది. ఇక్కడ గీత అవతల సురక్షితంగా నిలబడి విసిరేవాడు ఉండడు. విసిరేవాడే బాణం. అతడే వెళ్లి దిగిపోయాక పేరు కింద లెక్క రాయించుకునేందుకు ఎవరూ మిగలరు. బోర్డు మీద దొరకని ఆ “ఒకటి”కి ఉపనిషత్తు చూపిన చోటు ఇదే.

ముండకం చిన్న గ్రంథం. మూడు ముండకాలు, ఒక్కో దానిలో రెండు ఖండాలు, గంటసేపు కూర్చుంటే ఒకసారి చదవడం పూర్తవుతుంది. దోమలగూడ రామకృష్ణ మఠంలో ఉపనిషత్తులు తెలుగు తాత్పర్యంతో దొరుకుతాయి. ఈ ఆషాఢంలో ఒక పుస్తకం తెచ్చుకొని రెండో ముండకం రెండో ఖండం నుంచి మొదలుపెట్టండి. ఇంట్లో ఆటల పిచ్చి ఉన్న పిల్లలుంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని చదవండి. ఆ బాణం సంగతి వాళ్లకు మనకంటే ముందే అర్థమవుతుంది.