రోగి చెవికి యజమాని ఎవరు?

పరోపకారమును మెచ్చుకొనని శాస్త్రము లేదు. దాత కెట్టి గుణములుండవలెనో, దానము ఏ కాలమున ఎట్టి పాత్రునకు ఈయవలెనో మన పెద్దలు విస్తరించి చెప్పియున్నారు. కాని పుచ్చుకొనువాడు ‘నాకక్కఱలేదు’ అనగలిగిన స్థితిలో ఉన్నాడా లేడా యను విచారణ మాత్రము మనలో మిక్కిలి తక్కువ. పండు ఇచ్చినచో రోగి దానిని ప్రక్కన పెట్టుకొనవచ్చును. దుప్పటి యిచ్చినచో కప్పుకొనకుండవచ్చును. పాట వినిపించినచో ఏమి చేయగలడు? కంటికి ఱెప్ప కలదు, చెవికి లేదు. కాలికి కట్టు కట్టించుకొని, చేతికి సెలైను సూది గ్రుచ్చించుకొని పడియున్నవాడు లేచి అవతలకు పోజాలడు. కావున రోగులకు పాటలు, మాటలు వినిపించుట పైకి ఎంత నిరపాయమైన పుణ్యకార్యముగా కన్పట్టినను, దానిలో ఒక ధర్మసందేహము ఇమిడియున్నది. దానిని గూర్చియే ఈ వ్యాసము.

ఈ కార్యమునకు ఆసుపత్రి రేడియో అని పేరు. ఇది ఊరంతటికి వినవచ్చు ప్రసారము కాదు. ఆసుపత్రిలోనే ఒక చిన్న గదిలో ఒకరు కూర్చుండి మాటలాడుదురు, పాటలు వేయుదురు. అది తీగల మీదుగా పడక పడకకు పోవును. 1919 మే నెలలో అమెరికా రాజధానియగు వాషింగ్టనులోని వాల్టర్ రీడ్ సైనిక వైద్యశాలలో ఇట్టిది మొదట జరిగినట్లు చెప్పుదురు. 1925లో ఇంగ్లండులోని యార్కు కౌంటీ ఆసుపత్రిలో 200 పడకలకు హెడ్‌ఫోనులును, అవిగాక 70 లౌడుస్పీకర్లును అమర్చి, ఆటల వృత్తాంతములను, చర్చి ప్రార్థనలను వినిపించిరి. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ఆ దేశమున ఇట్టివి వందలకొలది వెలసినవి. వానిని నడుపువారిలో జీతగాండ్రు మిక్కిలి అరుదు. పగలు తమ తమ పనులు చేసికొని, సాయంకాలము వార్డులకు పోయి ‘మీకే పాట కావలెను?’ అని పడక పడకను అడిగి వ్రాసికొని, రాత్రి ఆ పాటలను వారి వారి పేర చదివి వినిపింతురు. 

యార్కు ఏర్పాటులో నా మనస్సు నాకర్షించినది లౌడుస్పీకరు కాదు, హెడ్‌ఫోను. పెట్టుకొన్నవాడు వినును, తీసివేసినవాడు వినడు. పక్షవాతముతో చేయి కదలనివాని మాట వేఱు. వానిని మఱియొకరు అడిగి పెట్టవలెను, అడిగి తీయవలెను. తక్కినవారి విషయమున ఆ చిన్న వస్తువు సందేహమును చాలవఱకు తీర్చుచున్నది. మన దేశమున 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలను బట్టి ఆసుపత్రి చుట్టును 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలముగా ప్రకటింపవచ్చును. పెండ్లి ఊరేగింపు బాకాను, ఎన్నికల మైకును ఆ గీత కవతల నిలుపవలెనని చట్టము చెప్పుచున్నది. అట్టిచో గోడల లోపల మనమే బాకా పెట్టి ‘ఇది సేవ’ యందుమా? పెండ్లివాడు చేసిన చప్పుడునకు, పుణ్యాత్ముడు చేసిన చప్పుడునకు రోగి తలనొప్పిలో భేదముండదు. 

ఈ మాట విని కొందఱు, ‘అట్లయిన నిశ్శబ్దమే మేలు, రేడియో ఏల?’ యని యడుగుదురు. ఈ సందర్భమున రెండు పాత గ్రంథములను స్మరింపవలసియున్నది. ఫ్లారెన్సు నైటింగేలు 1859లో పరిచర్యను గూర్చి వ్రాసిన చిన్న పుస్తకములో చప్పుడును గూర్చి ఒక ప్రకరణమే కలదు. అనవసరమైన శబ్దము రోగిని హింసించునని ఆమె ఖండితముగా చెప్పినది. కాని ఆమెయే మఱియొక ప్రకరణమున, దినదినము అదే గోడను, అదే కప్పును చూచుచు పడియుండువాని మనస్సు ఎట్లు కృశించునో చెప్పి, రోగికి వైవిధ్యము కావలెనన్నది. సంగీతములో సైతము ఆమె భేదము నెన్నినది: మనుష్య కంఠము, తంత్రీవాద్యముల ఎడతెగని నాదము రోగికి హితమట, పియానో వంటి విఱుగుడు శబ్దము అట్టిది కాదట. 

ఇక మన చరకుడు. సూత్రస్థానము పదునైదవ అధ్యాయమున వైద్యశాలకు ఏయే పరికరములు కూర్చుకొనవలెనో చెప్పుచు, వంటవారిని, స్నానము చేయించువారిని, రోగిని లేవనెత్తువారిని, పరుండబెట్టువారిని, మందు నూఱువారిని పేర్కొని, ఆ వెంటనే గీతవాద్యములయందు, శ్లోకములయందు, ఆఖ్యాయికలయందు, ఇతిహాస పురాణములయందు నేర్పరులైన వారిని గూడ ఉంచవలెనని విధించినాడు. మందు నూఱువాని సరసనే పాట పాడువాడు! ఆనందము ఔషధమునకు తోడుగాని, అనంతరము దయచేసి వడ్డించు మిఠాయి కాదని ఆయన యభిప్రాయముగా తోచుచున్నది. అంతకంటె ముఖ్యమైనది వారికి ఆయన పెట్టిన విశేషణములు: అభిప్రాయజ్ఞులు, అనుమతులు, దేశకాలవిదులు. రోగి మనస్సెఱిగినవారు, అంగీకరింపబడినవారు, చోటును సమయమును తెలిసినవారు. కంఠమాధుర్యము చాలునని ఆయన ఊరుకొనలేదు. ఇంతకాలము తరువాత మనము హెడ్‌ఫోనులో కనుగొన్న ధర్మమును చరకుడు మనుష్యునిలో వెదకినాడు.

ఇప్పుడు మా ప్రాంతమునకు వత్తును. మార్కాపురము, గిద్దలూరు, కంభము, ఎఱ్ఱగొండపాలెము 1970లో కర్నూలు జిల్లానుండి విడివడి ప్రకాశము జిల్లాలో చేరినవి. పడమట నల్లమల, నడుమ మెట్టభూములు, ఒక కంభము చెఱువు, వానదేవుని దయ. త్రాగునీటిలో ఫ్లోరైడు చేత ఎముకలు వంగినవారు ఇచ్చట పల్లెపల్లెకు కలరు. కనిగిరి వైపు మూత్రపిండముల వ్యాధి యెక్కువ. రోగము ముదిరిన పిదప గిద్దలూరివారు కనుమ దాటి నంద్యాలకో కర్నూలునకో, మార్కాపురమువారు ఒంగోలునకో గుంటూరునకో పోవలసివచ్చును. డయాలిసిసు యంత్రమునకు కట్టుబడినవాడు వారమునకు రెండు మూడు మాఱులు, నాలుగేసి గంటల చొప్పున దాని ప్రక్కన పడియుండవలెను. ఆ నాలుగు గంటలు వాడేమి చేయును? కప్పు చూచును. యంత్రము కూత వినును. ప్రక్కవాని ప్రాణము పోయినదినము ఆ ఖాళీ పడకను చూచును.

‘సెల్‌ఫోను లేనివాడెవడు? వానికి కావలసిన పాట వాడే వినుచున్నాడు గదా’ యందురు. నేను బంధువునకు తోడుగా ఒక ఆసుపత్రిలో మూడు రాత్రులు గడిపితిని. ఆ వార్డులో పదునాలుగు పడకలు. తొమ్మిది ఫోనులు ఒక్కమాఱు మ్రోగుచుండెను. ఒకటి సినిమా, ఒకటి భజన, ఒకటి రాజకీయ కలహము, ఒకటి పసివాని యాట. ఇయర్‌ఫోనులు పెట్టుకొన్నవారు ఇద్దఱు. తక్కినవారిలో ఎవ్వరును దుర్మార్గులు కారు. ఇంటిలో మంచము మీద కూర్చున్నట్లే కూర్చుండిరి, అంతే. ప్రపంచారోగ్య సంస్థ 1999లో వార్డులలో శబ్దము 30 డెసిబెళ్లు మించరాదని సూచించినది. ఆ గదిలో గుసగుస మాట సైతము వినబడు వీలు లేకుండెను. అంత సందడిలో ఒక్క పడక మఱియొక పడకతో మాటలాడలేదు. ఫోను ఊరినంతటిని చెవికి తెచ్చును. ప్రక్కవాని పేరు మాత్రము చెప్పదు. 

ఆసుపత్రి రేడియో యొక్క నిజమైన ప్రయోజనము ఇచ్చటనే కలదని నేననుకొందును. వార్డులో అడుగిడిన క్షణమున మనుష్యుడు పడక సంఖ్య యగును. అతనికి చేయబడును, అతడు చేయునది లేదు. సూది గ్రుచ్చుదురు, అన్నము పెట్టుదురు, మందలింతురు. ఇంట పదిమందిని ఆజ్ఞాపించిన రైతు ఇచ్చట మూత్రమునకు పోవుటకు అనుజ్ఞ అడుగును. అట్టివాని యొద్దకు ఒక కుఱ్ఱవాడు కాగితము పట్టుకొని వచ్చి ‘పెదనాయనా, నీకే పాట ఇష్టము?’ అని యడిగెననుకొనుడు. ఆ దినమున అతనిని ఇష్టమడిగిన మొదటి మనిషి ఆ కుఱ్ఱవాడు. ‘ఎదుటి పడకలోని పిల్లకు ఈ పాట వేయుడు, రేపు దానికి ఆపరేషను’ అని ఆ ముసలివాడు చెప్పినచో, పుచ్చుకొనుటయే తప్ప ఈయలేనివాడు ఒక్కసారి దాత యగును. చరకుడు రోగికి చెప్పిన నాలుగు గుణములలో జ్ఞాపకత్వము ఒకటి, అనగా తన బాధను తెలుపగల శక్తి. పాట పేరు చెప్పుటతో నోరు విప్పినవాడు మఱునాడు వైద్యునితో కడుపునొప్పి సంగతి చెప్పుటకు జంకడు. 

మన తెలుగునాట ఇందులకు దగ్గఱి దృష్టాంతము కలదు. ఆకాశ తరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2006లో స్వచ్ఛంద సంస్థలకును రేడియో పెట్టుకొను అనుజ్ఞ లభించినది. 2008 అక్టోబరు 15న జహీరాబాదు దగ్గఱి మాచునూరులో సంఘం రేడియో మొదలైనది. దానిని నడుపువారు దళిత స్త్రీలు. తమ విత్తనములను గూర్చి, తమ పండుగలను గూర్చి, తమ యాసలో, తమవారితోనే మాటలాడుదురు. అది ఆసుపత్రి కాదు. కాని వినుటకు మాత్రమే తగినవారని లోకము నిర్ణయించినవారికి చెప్పుటకును కలదని అది నిరూపించినది. మార్కాపురమున ఆకాశవాణి కేంద్రము కలదు. దానిని వినుట మాకు క్రొత్త గాదు. వార్డులోని మనిషి మాటలాడుటయే క్రొత్త.

ఇక ఆక్షేపణలలోకెల్ల గట్టిది. ‘నిపుణుడైన వైద్యుని కొఱకు కనుమలు దాటవలసిన చోట పాట వినిపించుట రోగిని పరిహసించుట కాదా?’ ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. వైద్యునికి బదులుగా పాట ఇచ్చినచో అది పరిహాసమే. ఆసుపత్రి అభివృద్ధి పట్టికలో ‘రేడియో ఏర్పాటు చేయబడినది’ అని వ్రాసికొని, స్కానింగు యంత్రము మాట మఱచు అధికారి పుట్టకపోడు. కాని స్వచ్ఛంద సేవకుడు వైద్యుని జీతమును తినుట లేదు. నర్సు చేతి పనిని లాగికొనుట లేదు. పైగా ఆ గొంతుకతోనే పనికివచ్చు మాటలు చెప్పవచ్చును: ఓపీ చీటి ఏ గదిలో ఇత్తురు, రక్తపరీక్ష ఫలితము ఎప్పుడు వచ్చును, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్యసేవ యనబడు పథకమునకు ఏ కాగితములు తేవలెను. ఉచితమైన దానికి లంచమీయ నక్కఱలేదని ప్రతిదినము రెండుమాఱులు ప్రకటించు రేడియోను ఎంతమంది అధికారులు సహింతురో చూడవలెను! వరండాలో చాప పఱచుకొని పండుకొను రోగి బంధువులకు, రాత్రి ఒంటరిగా ముప్పది పడకలను కాచు నర్సునకు కూడ ఇది యుపయోగించును. 

సేవకుని మనశ్శుద్ధిని గూర్చియు అడుగుదురు. ఇంగ్లండులో పేరుపొందిన రేడియో వ్యాఖ్యాతలలో పెక్కురు ఆసుపత్రి రేడియోలోనే అక్షరాభ్యాసము చేసికొన్నవారు. కెన్ బ్రూసు గ్లాస్గోలో అట్లే ఆరంభించినాడు. పేరు కొఱకు చేసినది సేవ యగునా? నిష్కామముగా చేయవలెనని మన చదువు. నా తలంపు వేఱు. గురువారము ఏడు గంటలకు వత్తునని చెప్పి, పేరాసతోనైనను ఏడు గంటలకు వచ్చినవాడు, నిష్కామియై రానివానికంటె రోగికి మేలు. ఆ గదిలో కూర్చున్నవానికి ఎదుట ఎవ్వరును కనబడరు. ముప్పదిమంది వినుచున్నారో, ఒక్కడు వినుచున్నాడో, అందఱు నిద్రించుచున్నారో తెలియదు. చప్పట్లు లేని చోట పేరాస అట్టే కాలము బ్రదుకదు. ఆరు నెలలు నిలిచినవానిలో ఇంకేదో ఉండియేయుండును. నాయకుల జన్మదినములకు వార్డులో రొట్టెలు, పండ్లు పంచి, లేవలేనివాని భుజముపై చేయివేసి ఫోటో తీయించుకొను సేవను మనమెఱుగుదుము. ఆసుపత్రి రేడియోలో ఆ సౌకర్యము లేదు. గొంతుకకు ఫోటో లేదు గదా!

దేవుని పాటల సంగతి ఒకటి మిగిలినది. మా వార్డులలో చెన్నకేశవుని భక్తుడు, కంభమునుండి వచ్చిన సాహెబు, యేసును నమ్మిన మాలపల్లె అవ్వ ప్రక్కప్రక్కన పడుకొందురు. ఒకరి భక్తి మఱియొకరి చెవిలో పోయుట సంస్కారము కాదు. అన్నిటిని మాన్పించుటయు సంస్కారము కాదు. చావు దగ్గఱపడినవానికి ఆ ఒక్క కీర్తనయే కావలసియుండవచ్చును. అడిగినవానికి, అడిగినది, వాని హెడ్‌ఫోనులో. ఎవరైన ప్రాణావస్థలో ఉన్నచో లౌడుస్పీకరు ఉన్న చోట దాని నాపు మీట నర్సు చేతిలో ఉండవలెను. కమిటీ అధ్యక్షుడు ప్రసంగించుచున్నను సరే, ఆమె ఆపినచో ఆగవలెను. ఇందులో మినహాయింపు ఉండరాదు.

మొదలిడుటకు ఎక్కువ ధనము అక్కఱలేదు. ఒక గది, ఒక మైకు, తీగలు, కాలేజీ విద్యార్థులు పదిమంది. పాటలడుగుటకు కాగితము కూడ వలదు. మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. వార్డు గుమ్మమున ఒక పలక వ్రేలాడదీసినచో లేవగలిగినవాడు తానే వ్రాయును, లేవలేనివాని కొఱకు ప్రక్కవాడు వ్రాయును. రాత్రి ప్రసారము ముగియగానే దానిని తడిగుడ్డతో తుడిచివేయవచ్చును. ఎవరేమి కోరిరో మఱునాటికి ఎవ్వరికిని తెలియవలసిన పని లేదు.