ఆరంభమున కధికారి యెవడు?

గుంటూరు నుండి తెనాలికి వచ్చు దారిలో, నందివెలుగు చుట్టుపట్ల వరిమాగాణులలో, పైరు పండి ఇంకను నిలిచియుండగనే, కొడవలి పడుటకు రెండు మూడు దినములు ముందుగా రైతులు ఆ చేలలో మినుములు వెదజల్లుట కృష్ణాడెల్టాకు చిరపరిచితమైన పద్ధతి. దానికి ప్రత్యేకముగ దుక్కి లేదు. వరిపనలు ఎత్తిన పిమ్మట నేలలో మిగిలిన పదునును, రాత్రులు కురియు మంచును నమ్ముకొని ఆ పైరు ఎదిగి కాపునకు వచ్చును. నేల సర్వవిధముల సిద్ధమైన తరువాతనే విత్తుదునని పట్టుపట్టిన రైతునకు పదును ఆరిపోయి, ఆ యేటి మినుము దక్కకపోవును. మనుష్యుల ఆరంభములలో పెక్కులు ఇట్టివే యని నా తలంపు. చేతిలో ధనము స్వల్పము, అనుభవము అంతకంటెను స్వల్పము. అట్టివాడు ఒక వ్యాపారమునకు పూనుకొనవచ్చునా యను ప్రశ్న పైకి కేవల లౌకికముగ కనబడును గాని, దాని యడుగున నున్న సంశయము లాభనష్టములతో తీరునది కాదు. ఫలము తన వశమున లేదని యెరిగిన జీవునకు దేనినైనను ఆరంభించుటకు గల అధికారమేమి?

భగవద్గీత యీ విషయమున మొదట మనలను కలవరపెట్టును. సర్వారంభములను పరిత్యజించిన భక్తుడు తనకు ప్రియుడని పండ్రెండవ అధ్యాయమున శ్రీకృష్ణుడు పలికెను. లోభము, అశాంతి, కర్మల నారంభించుట యనునవి రజోగుణము ప్రబలినప్పుడు పుట్టునని పదునాలుగవ అధ్యాయమున చెప్పెను. ఈ మాటలనే పట్టుకొన్నచో అంగడి తెరచు ప్రతివాడును భగవంతునికి దూరమగుచున్నాడని తలంపవలసివచ్చును. కాని పదునెనిమిదవ అధ్యాయమున ఆ ఆచార్యుడే, అగ్నిని పొగ క్రమ్మినట్లు సమస్తారంభములను దోషము క్రమ్మియుండును గనుక, దోషమున్నదన్న నెపమున సహజకర్మను విడువరాదని ఆదేశించెను. విడువవలసిన ఆరంభములు ఇహపరముల ఫలభోగమునకై కామము పురికొల్పగా చేయునవి యని శంకరభగవత్పాదుల వ్యాఖ్య. మరియు ఆ అధ్యాయముననే కర్మసిద్ధికి అధిష్ఠానము, కర్త, కరణములు, నానావిధములైన చేష్టలు, దైవము అని అయిదు కారణములు చెప్పబడినవి. వ్యాఖ్యాతలు కరణములనగా ఇంద్రియములనిరి. వ్యాపారమునకు ఆ మాటను విస్తరించి ధనమును అందు చేర్చినను, అది అయిదింటిలో ఒకదానియందలి ఒక భాగమే యగును. అనుభవమన్ననో, చేష్టలనుండి పుట్టునదే గాని వానికి ముందుగ సంపాదించి మూటగట్టుకొనదగినది కాదు. అట్లని పేదరికము దానంతటది చిత్తమును శుద్ధి చేయదు. ఏమియు లేనివాని కామము కలవాని కామముకంటె తీవ్రమై యుండుటయు కలదు. అతనికి గల మేలు ఒక్కటే: వచ్చిన ఫలమును తన మూలధనమునకు ఆరోపించుకొని గర్వించుటకు అతనివద్ద మూలధనము లేదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్ర యీ సందర్భమున తప్పక స్మరింపదగినది. 1867లో కృష్ణాజిల్లా ఎలకుర్రున జన్మించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, కలకత్తాలో మందుల వ్యాపారపు పని నేర్చి, బొంబాయిలో విలియం అండ్ కంపెనీ కొలువులో చేరిన యీ ఆంధ్రుడు, 1893లో అమృతాంజనమును వెలయించెను. ఊరు కాని ఊరిలో, పేరు లేని మందును కొనువారెవరు? ఆయన సంగీతసభలకు పోయి అచ్చట కూడినవారికి దానిని ఉచితముగ పంచిపెట్టెను. ఇది వర్తకపుటుపాయము కాదని నేననను, ఉపాయమే. అయినను పుచ్చుకొనుటకు ముందు ఇచ్చుట, ఇచ్చినది మరల వచ్చునో రాదో తెలియక ఇచ్చుట, యజ్ఞమునకు మూలమైన వైఖరి. దేవతలకీయక అనుభవించువాడు దొంగ యని గీత మూడవ అధ్యాయమున చెప్పిన మాటకు వర్తకుడు ఆచరింపగల అర్థమిదియే యని నాకు తోచును. ఆ ధనముతోనే ఆయన 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగ ప్రారంభించి, 1914లో మద్రాసున దినపత్రికగ నెలకొల్పి, 1924లో భారతిని స్థాపించెను. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకేగి అచ్చట భగవద్గీతపై గ్రంథము రచించిన యీ వర్తకుడు సర్వారంభపరిత్యాగమును గూర్చి చదువక విడిచియుండడు. చెరనుండి వెలువడిన పిమ్మట తన పత్రికలను మాత్రము విడువలేదు.

అయితే అమృతాంజనపు కథ చెప్పి పిల్లవానిని వీధిలోనికి తరుముట ధర్మము కాదు. పొగ నిప్పు రాజబెట్టినవాని కంటిలోనే పడదు, ఇల్లంతయు క్రమ్మును. తల్లి నగలు తాకట్టుపెట్టియో, తండ్రి యెకరము అమ్మించియో, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చియో దుకాణము పెట్టినవాడు దివాలా తీసినచో, నిష్కామకర్మ చేసితినని చెప్పుకొనుట అతనికి తగదు. తాను నష్టపోవుటకు సిద్ధపడుట వైరాగ్యమునకు సమీపము. తనవారిని వారి యనుమతి లేక నష్టమునకు ఒడ్డుట హింస. 2010లో సూక్ష్మఋణ సంస్థల వసూళ్ల బాధ భరింపలేక పేదలు ఆత్మహత్యలు చేసికొనగా, ఆ అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చినది. చిన్న పెట్టుబడి చేతికందుట మాత్రమే మేలు కాదని ఆ యేడు మనకు మిక్కిలి దుఃఖముతో తెలిసినది.

పెట్టుబడి లేనివానికి పెట్టుబడి నిచ్చుటకు మన దేవాలయములు పూర్వమొక మార్గము నెరిగియుండెను. బాపట్ల మొదలు ద్రాక్షారామము వరకు గల ఆలయశాసనములలో అఖండదీపదానములు విరివిగ కానవచ్చును. దాత యేబదియో, ఏబదియైదో గొర్రెలను ఆలయమునకు సమర్పించును. వానిని ఒక బోయ గైకొని మేపుచు, దినమునకొక మానెడు నేయి దీపమునకు పోయవలెను. ఈ బాధ్యత అతని పుత్రపౌత్రులకును సంక్రమించును. శాసనమును చదువువారు దాత భక్తినే కొనియాడుదురు; నేను ఆ బోయను గూర్చి తలచుచుందును. అతడు ఒక్కదినమున మంద కధిపతి యయ్యెను. తీర్పవలసినది ప్రతిదినమును కొలతకు లోబడిన నేయి. మంద పెరిగినచో ఆ పెరుగుదల కాపరి కష్టమునకు దక్కినట్లే. వారమువారము గడపలో నిలిచి అవమానించు వసూలుదారునకును, గర్భగుడిలో వెలుగు దీపమునకును ఋణపడియుండుటలో మనుష్యుని గౌరవమునకు కలుగు భేదమెంతయో చెప్పనక్కరలేదు.

ఆ దీపములు పోయినవి. వానికి సమీపమైనది నేడు మన స్త్రీల పొదుపుసంఘములలో కనబడును. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో సారాపై తిరుగబడిన స్త్రీల ఉద్యమము రాష్ట్రమంతటను వ్యాపించి, అందుండి దినమున కొక రూపాయి కూడబెట్టు సంఘములు బయలుదేరెను. ఆ సంవత్సరమే నాబార్డు ఇట్టి 500 సంఘములను బ్యాంకులతో కూర్చు ప్రయత్నమును దేశమున మొదలిడెను. పచ్చళ్లు పెట్టి అమ్మునామె కాని, పాడిగేదెను కొనునామె కాని ఎన్నడును ఖాతాపుస్తకము పట్టియెరుగదు. కాని తప్పిన కంతును గూర్చి అడుగువారు ఆమె కష్టమెరిగిన పదిమంది తోటిస్త్రీలు. దైవమను అయిదవ కారణము మనకు తెలియని రూపములలో వచ్చునందురు; అది ఇరుగుపొరుగు రూపమున వచ్చుటను నేను విశ్వసింతును.

స్త్రీలకు గల యీ యాశ్రయము ఊరిలోని యువకునకు లేదు. చదువు ముగించి, చేతిపని కొంత యెరిగి, తెనాలి నిమ్మకాయల మార్కెట్టు చుట్టును ఏదేని చేయవలెనని తిరుగువానికి తండ్రి పొలమో, వడ్డీవ్యాపారియో తప్ప వేరు దిక్కు కానరాదు. ఆలయములకు మరల గొర్రెల నీయ నక్కరలేదు. ఊరినుండి పోయి విదేశములలో స్థిరపడినవారు ఆలయ గోపురములకు, ముఖద్వారములకు పంపు ధనములో పదియవ భాగమును ఒక నిధిగ నిలిపి, ఊరివారెరిగిన పిల్లలకు వడ్డీలేక యిచ్చి, నిలిచినవాడు తీర్చిన సొమ్మును తరువాతివాని కిచ్చు ఏర్పాటు చేసినచో, నందివెలుగు వంటి గ్రామమున ఏడాదికి ఇద్దరు ముగ్గురు పిల్లలైనను తల్లి నగలు తాకట్టు పెట్టకుండ అంగడి తెరవగలరు.