అతి సమీపమున నున్న పట్టణము

1945వ సంవత్సరము డిసెంబరు మాసమున, స్టాక్‌హోము నగరములో నోబెల్ ఉపన్యాసము చేయుచు అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక చిన్న కథ చెప్పెను. ఒకనికి గొంతునొప్పి వచ్చెను. అతడు పెన్సిలిన్ కొని తనంతట తానే కొద్దిగా వాడుకొనెను. ఆ మోతాదు క్రిములను చంపుటకు చాలలేదు గాని, మందును తట్టుకొనుట వాటికి నేర్పుటకు చాలెను. ఆ క్రిములే అతని భార్యకు సోకగా ఆమెకు న్యుమోనియా వచ్చెను. వైద్యులు పెన్సిలిన్ ఇచ్చిరి; అది పనిచేయలేదు; ఆమె మరణించెను. ఈ మరణమునకు ముఖ్యముగా బాధ్యుడెవడని ఫ్లెమింగ్ ప్రశ్నించి, అజాగ్రత్తగా మందు వాడిన ఆ భర్తయే అని తీర్పు చెప్పెను.

పెన్సిలిన్‌ను 1928లో కనుగొనిన వ్యక్తియే ఈ హెచ్చరిక చేసెను. ఆ ఔషధము సామాన్యుల చేతికి అందుచున్న తొలి దినములలోనే అతడు దానికి రాబోవు అపాయమును చూచెను. అతడు భయపడినది జరిగినది. బాక్టీరియా ఔషధములకు లొంగకపోవుట వలననే 2019వ సంవత్సరమున ప్రపంచమందు ఇంచుమించు 12 లక్షల 70 వేల మంది మరణించిరని 2022లో లాన్సెట్ పత్రికలో ప్రచురింపబడిన అధ్యయనము అంచనా వేసినది. అయితే ఫ్లెమింగ్ కథకును ఈ మరణములకును ఒక భేదము కలదు. కథలో దోషి ఇంటిలోనే దొరికెను. వాస్తవములో దోషి దొరకుట లేదు. చంపినవాడు కనబడని మరణము విషయమై మనుష్యుడు ఏమి చేయవలెను? ఇది వైద్యశాస్త్రము ఒంటరిగా జవాబు చెప్పగల ప్రశ్న కాదు.

ఒంటికి ఆ మందు అలవాటు పడిపోయినదని జనులు చెప్పుకొనుట కలదు. నిజమునకు అలవాటు పడునది ఒళ్లు కాదు, క్రిములు. కోట్లకొలది క్రిములలో ఏ కొన్నిటికో, జన్యువులలో కలిగిన చిన్న మార్పు వలన, మందును తట్టుకొను శక్తి యుండును. మందు తక్కినవాటిని చంపివేయగా, ఖాళీయైన స్థలమున ఇవి వృద్ధి పొందును. అంతేకాదు, ఆ శక్తినిచ్చు జన్యువును ఒక జాతి క్రిమి మరియొక జాతి క్రిమికి అందింపగలదు. కావున ఒకని కడుపులో జరిగినది అతని కడుపుతో ఆగదు. అది చేతుల ద్వారా, నీటి ద్వారా, ఆసుపత్రి మంచముల ద్వారా ప్రయాణము చేయును.

మరియొక వైపున మానవ దేహమును గూర్చి గొప్ప ఆశలు వినబడుచున్నవి. 1958లో స్వీడను దేశమున మొదటిసారిగా ఒక రోగి దేహము లోపల పేస్‌మేకరు అమర్చబడెను. అరిగిన మోకాలికి బదులు లోహపు మోకాలు పెట్టుట నేడు మన పట్టణములలో సాధారణమైనది. 2022 జనవరిలో అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జన్యువులు మార్చబడిన పంది గుండెను ఒక మనుష్యునికి అమర్చిరి. చెడిన భాగమును తీసి క్రొత్త భాగమును వేయుచు, యంత్రమును నడిపించినట్లు దేహమును ఎంత కాలమైనను నడిపింపవచ్చునని తలంచువారు కలరు. ఈ ఆశలో ఒక భావము దాగియున్నది: ఈ దేహము నాది, దీనిని నేను బాగుచేయించుకొందును, ఇందులో పొరుగువానికి పని లేదు.

అయితే ఈ అద్భుతములలో అనేకము కంటికి కనబడని ఒక ఆధారము మీద నిలిచియున్నవి. కత్తి తగిలిన చోట క్రిమి చేరకుండ కాపాడు ఔషధమే ఆ ఆధారము. లోహపు మోకాలిపై చేరిన బాక్టీరియా తమ చుట్టు జిగురు పొర నల్లుకొని మందునకు అందకుండ దాగును. అవి మందునకు లొంగని జాతివైనచో ఆ మోకాలిని మరల తీసివేయవలసి రావచ్చును. అవయవ మార్పిడి జరిగినవాడు, దేహము ఆ క్రొత్త అవయవమును తిరస్కరింపకుండునట్లు, తన రోగనిరోధక శక్తిని మందులతో అణచుకొని బ్రదుకును. పంది గుండెను పొందిన ఆ రోగి రెండు నెలలు జీవించెను. పరీక్షలకు దొరకని పంది వైరస్సు ఒకటి ఆ గుండెతోపాటు అతనిలో ప్రవేశించినట్లు తరువాత తేలెను. దేహము ఎంత నేర్పుతో బాగుచేయబడునో, అంత ఎక్కువగా అది ఇతరుల నడవడిపై ఆధారపడుచున్నది.

ఈ సంగతిని తెలుగువారికి దగ్గరైన ఒక చరిత్రలో చూడవచ్చును. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, తన సహోదరులలో ఇద్దరిని స్ప్రూ అను వ్యాధి వలన కోల్పోయినవాడు. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు అతడు నాయకత్వము వహించిన కాలమున, అక్కడ బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ రాష్ట్రపు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అను ఔషధమును కనుగొనెను. అది 1948లో లోకమునకు ప్రకటింపబడెను. ఆ సంవత్సరమే సుబ్బారావు కన్నుమూసెను. ఆ మందును తయారుచేయగా మిగిలిన పిప్పిని మేతలో కలిపినచో కోడిపిల్లలు త్వరగా పెరుగుచున్నవని అదే సంస్థలోని శాస్త్రజ్ఞులు 1950 నాటికి గ్రహించిరి. రోగము లేని కోళ్లకును పందులకును యాంటీబయాటిక్ మేపు అలవాటు అటుపిమ్మట అనేక దేశములకు వ్యాపించెను. బరువు పెరుగుటకై మేతలో ఈ మందులు కలుపుటను ఐరోపా సమాఖ్య 2006లో నిషేధించినది. వైద్యులు కడపటి ఆశ్రయముగా దాచుకొనిన కొలిస్టిన్‌ను ఆహారమునకై పెంచు జంతువులకు వాడరాదని భారత ప్రభుత్వము 2019లో ఆజ్ఞ ఇచ్చినది.

హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరు చరిత్రయు ఇట్టిదే. లోకమునకు చౌకగా మందులు పంపు కర్మాగారములు ఆ ప్రాంతమున వెలసినవి. వాటి మురుగును శుద్ధిచేయు కేంద్రము నుండి వెలువడు నీటిని స్వీడను పరిశోధకులు పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అందులో ఉన్నదని 2007లో ప్రకటించిరి. ఆ మందు పుచ్చుకొనుచున్న రోగి రక్తములో ఉండుదానికంటె ఇది ఎక్కువ. ఒకచోట ప్రాణము నిలుపుటకు చేసిన మందు, వేరొకచోట ఏటి నీటిలో క్రిములకు పాఠము చెప్పుచుండెను.

ఇప్పుడు ఫ్లెమింగ్ తీర్పును మరల చూడవలెను. పల్లెటూరిలో ఒక వ్యవసాయ కూలీకి జ్వరము వచ్చినదనుకొందము. రేపు పనికి పోకున్నచో ఇంటిలో పొయ్యి వెలుగదు. పెద్ద ఆసుపత్రి దూరము. పరీక్షలకు డబ్బు లేదు. ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు ఒక సూదిమందు వేసి, రెండు దినములకు మాత్రలిచ్చెను. జ్వరము తగ్గెను, అతడు పనికి పోయెను. ఇతడు దోషియా? లేక తగిన పరీక్ష లేకయే మందు ఇచ్చినవాడా? 2014 నుండి అమలులోనున్న నియమమును దాటి, వైద్యుని చీటీ లేకుండ అట్టి మందులను అమ్ము దుకాణదారుడా? మురుగును ఏటిలోనికి వదలినవారా? కూలివానికి ఒక్క దినమైన విశ్రాంతి నీయని యజమానుడా? కోడిమాంసము మరికొంత చౌకగా దొరకవలెనని కోరువాడా?

ఇచ్చట మనస్సాక్షికి రెండు సులభమైన త్రోవలు తెరచుకొనును. మొదటిది, చివరిగా మాత్ర మ్రింగిన బీదవానిపై దోషమంతయు మోపుట. రెండవది, దోషము అందరిదియు గనుక ఎవరిదియు కాదనుట. మొదటి త్రోవలో న్యాయము లేదు. రెండవ త్రోవలో పశ్చాత్తాపము లేదు. ఈ రెండింటికి మధ్య వేరొక త్రోవ యున్నదా?

ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయమున ఒక విచిత్రమైన కట్టడ కలదు. పొలములో ఒక శవము దొరకును, చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలును న్యాయాధిపతులును వచ్చి, శవము నుండి చుట్టునున్న పట్టణముల వరకు దూరము కొలువవలెను. ఏ పట్టణము అతి సమీపమున ఉన్నదో, ఆ పట్టణపు పెద్దలు ఏరు పారుచుండు లోయకు ఒక పెయ్యను తోలుకొనిపోయి, దాని మెడ విరుగదీసి, దానిపై తమ చేతులు కడుగుకొని, ఆ రక్తమును తాము చిందింపలేదని పలికి, ప్రజలందరి కొరకు క్షమాపణ వేడుకొనవలెను.

ఆ పెద్దలు హంతకులు కారు. అయినను వారు ఇండ్లు విడిచి రావలెను. నీవు చంపితివా అని ధర్మశాస్త్రము వారిని అడుగుట లేదు. నీవు ఎంత దూరములో ఉన్నావు అని అడుగుచున్నది. దోషము రుజువు కాలేదు గనుక బాధ్యత తీరినదని అది ఒప్పుకొనదు. శవమునకు దగ్గరలో నివసించుటయే ఒక పిలుపని అది ఎంచుచున్నది.

పిలాతు కూడ చేతులు కడుగుకొనెను. అతడు ఏ దూరమును కొలువలేదు. తన యెదుట నిలిచిన నిర్దోషిని విడిపించు అధికారము కలిగియు, నీళ్లు తెప్పించుకొని ప్రక్కకు తొలగెను. ఆ పెద్దల చేతులును పిలాతు చేతులును తడిసినవే. ఒకరు దగ్గరకు వచ్చుటకు కడుగుకొనిరి, ఒకడు దూరమగుటకు కడుగుకొనెను. 1847లో వియన్నా నగరపు ప్రసూతి ఆసుపత్రిలో, వైద్యులు క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడుగుకొనవలెనని సెమ్మెల్‌వైస్ నియమింపగా బాలింతల మరణములు మిక్కిలి తగ్గెను. తామెవరికిని కీడు చేయలేదని నమ్మిన మంచి వైద్యుల చేతులే అంతవరకు మరణమును మంచము నుండి మంచమునకు మోయుచుండెను.

దూరమును ఎట్లు కొలువవలెనో క్షయరోగ చరిత్ర నేర్పుచున్నది. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరములో వివిధ ప్రొటెస్టెంటు మిషనులు కలిసి నడిపిన క్షయ చికిత్సాలయము, ఆ రోగమునకు మందు లేని కాలమున, విశ్రాంతితోను మంచి గాలితోను ఆహారముతోను రోగులను ఆదరించెను. పిమ్మట స్ట్రెప్టోమైసిన్ వచ్చెను. బ్రిటనులో జరిగి 1948లో ప్రచురింపబడిన పరీక్షలో, ఆరు నెలలలోగా మందు పొందిన 55 మందిలో 4గురు, పొందని 52 మందిలో 14 మంది మరణించిరి. కాని మందు పొందిన అనేకులలో క్రిములు త్వరలోనే దానికి లొంగకపోయెను. మందులను కలిపి, నెలల తరబడి మానకుండ వాడవలెనని వైద్యులు నేర్చుకొనిరి. 1956లో మద్రాసులో స్థాపింపబడిన క్షయ చికిత్సా కేంద్రము, బీదలను తమ ఇండ్లలోనే ఉంచి క్రమముగా మందులిచ్చినచో శానిటోరియములో వలెనే స్వస్థత కలుగునని 1959లో చూపించెను.

క్రమముగా అను ఆ మాటలోనే బరువంతయు ఉన్నది. నెలల తరబడి ఎవరో ఒకరు గడప దాటి వచ్చి, నేడు మాత్ర వేసికొంటివా, అన్నము తింటివా అని అడుగవలెను. ప్రపంచములోని క్షయరోగులలో ఇంచుమించు నాలుగవ వంతు భారతదేశముననే ఉన్నారు. రెండవ నెలలో ఒళ్లు తేలికపడగానే మాత్రలు మానివేయువాడు ఏ వీధిలోనైన ఉండవచ్చును. అతనికి అతి సమీపమున నున్న పట్టణము ఏది? ఆ వీధి చివరనున్న ఆరాధన మందిరమే కావచ్చును.

ఒక ఆక్షేపణ మిగిలియున్నది. అర్ధరాత్రి జ్వరముతో కాలిపోవుచున్న బిడ్డను ఒడిలో పెట్టుకొనిన తల్లితో, ఎన్నడు చూడని పొరుగువాని కొరకు మందు మానుమని చెప్పుట ధర్మమా? ఎంతమాత్రము కాదు. హిజ్కియా కన్నీళ్లను చూచిన దేవుడే, యెషయా నోట అంజూరపు పండ్ల ముద్దను అతని పుండుపై కట్టించెను. ప్రార్థనకును మందునకును విరోధము లేదు. బిడ్డకు మందు నిజముగా అవసరమైనచో అది ఆలస్యము లేక అందవలెను. మందు చేరక మరణించు బిడ్డలు నేటికిని ఉన్నారు. కాని అవసరము వేరు, భయము వేరు. వైరస్సు వలన కలుగు జలుబునకును సామాన్య జ్వరమునకును యాంటీబయాటిక్ పనిచేయదు; అయినను భయము దానిని కొనిపించును. ఆ రాత్రి తల్లికి కావలసినది ఉపదేశము కాదు. ఆమెను వైద్యుని యొద్దకు తీసికొనిపోవు తోడు, పరీక్షకు చాలిన డబ్బు, మరునాటి కూలికి బదులు కొంత బియ్యము ఆమెకు కావలెను. ఇవి లేని చోట నిందించువాడు, పెద్దలతోకూడ లోయకు దిగక దూరము నుండి కేకలు వేయువాని వంటివాడు.

విశ్వాసుల దేహము వారి స్వంత ఆస్తి కాదని, దానికి వెల చెల్లించినవాడు వేరొకడు కలడని పౌలు కొరింథు సంఘమునకు బోధించెను. ఆ పత్రికలోనే, మనుష్యుని దేహమునకును క్రీస్తు సంఘమునకును గ్రీకు భాషలో సోమా అను ఒకే మాటను అతడు వాడెను. ఒక అవయవము బాధపడగా తక్కినవన్నియు దానితోకూడ బాధపడునను అతని బోధ ఒకప్పుడు ఉపమానముగా మాత్రమే వినబడి యుండవచ్చును. ఒకని కడుపులోని క్రిమి వేరొకని గుండె శస్త్రచికిత్సను నిష్ఫలము చేయగల ఈ కాలమున అది కంటికి కనబడు వాస్తవమైనది.

క్రొత్త మందులు రావచ్చును. 2020లో అమెరికా శాస్త్రజ్ఞులు కంప్యూటరు సహాయముతో హాలిసిన్ అను పదార్థమునకు బాక్టీరియాను చంపు శక్తి కలదని కనుగొనిరి; అట్టి శ్రమకై దేవునికి వందనములు చెల్లింపవలెను. అయితే రాబోవు ప్రతి మందునకును ఫ్లెమింగ్ కథయే మరల జరుగవచ్చును. దేహమునకు క్రైస్తవుడు ఎదురుచూచు భవిష్యత్తు, ఎవరి అవసరమును లేని దేహము కాదు. మృతులలోనుండి లేచిన ప్రభువు తన దేహమున గాయముల గురుతులను ఉంచుకొనెను. తోమా వాటిని చూచి ఆయనను గుర్తించెను. ఇతరుల కొరకు పొందిన గాయము మహిమలో సహితము చెరిపివేయబడలేదు.

మందుల దుకాణము మెట్ల మీద చీటీ లేక నిలిచినవాడును, ఆసుపత్రిలో ఒక మంచము నుండి మరియొక మంచమునకు పోవు నర్సును, చెరువులో మందు చల్లబోవు రైతును, కర్మాగారపు లెక్కలు చూచు అధికారియు ఒకే ప్రశ్న యెదుట ఉన్నారు. పొలములో శవము పడియున్నది, చంపినవాడు తెలియదు. కొలత నూలు చేతిలో ఉన్నది. దానిని పట్టుకొని మొదట తన గుమ్మము వరకు కొలుచుకొనువాడు ధన్యుడు.