వంశమా, వర్తనమా?

ఖరగ్‌పూరు రైల్వే పట్టణములో తెలుగు కుటుంబములు అనేకము కలవు. 19వ శతాబ్దము ముగిసి 20వ శతాబ్దము మొదలగు కాలమున బెంగాల్ నాగపూర్ రైల్వే అచ్చట కర్మాగారమును నెలకొల్పగా, ఆంధ్ర తీరమునుండి అనేకులు పనికై వెళ్లి స్థిరపడిరి. పొలము విడిచినవారి మనుమలు నేడు ఉద్యోగులు.

ఇట్టి యిండ్లలో ఒకనికి మధుమేహము కనబడగానే రెండు మాటలు వినబడును. “ఇది వంశములోనే ఉన్నది, తప్పునా?” అనునది ఒకటి. “నోరు కట్టుకొనలేదు గనుక వచ్చినది” అనునది మరియొకటి. మొదటిది రోగిని నిరాశకు అప్పగించును. రెండవది నిందకు అప్పగించును.

వంశపు మాటలో సత్యము లేకపోలేదు. తలిదండ్రులకు ఈ వ్యాధి యున్న యెడల బిడ్డలకు వచ్చు అవకాశము హెచ్చు. అయితే జనసమూహముయొక్క జన్యువులు రెండు మూడు తరములలో అంతగా మారునవి కావు. 1970లలో భారత వైద్య పరిశోధన మండలి పరిశీలింపగా పట్టణవాసులలో నూటికి ఇద్దరికి మాత్రమే మధుమేహము కనబడెను. 2023లో ప్రకటింపబడిన ఆ మండలి సర్వేలో దేశమంతటను పెద్దలలో నూటికి 11 మందికి పైగా ఉన్నట్లు తేలెను. కొలతల భేదమును తీసివేసినను ఈ వృద్ధి జన్యువులవలన మాత్రమే కలుగనేరదు.

అమెరికాలోని పీమా జనుల వృత్తాంతము దీనిని స్పష్టపరచును. ఒకే మూలమునకు చెందిన వీరిలో కొందరు అరిజోనాలోను, కొందరు మెక్సికో కొండలలోను నివసించుచున్నారు. 2006లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము అరిజోనావారిలో నూటికి 38 మందికి మధుమేహముండగా, కొండలలో కాయకష్టము చేయువారిలో సుమారు ఏడుగురికే ఉండెను. విత్తనమొక్కటే, నేల వేరు.

అట్లయిన తప్పంతయు రోగిదేనా? అదియు కాదు. రాత్రి డ్యూటీలు శరీరక్రమమును చెరపి ఈ వ్యాధికి త్రోవ చేయును. 1944–45లో హాలెండు కరవు కాలమున గర్భమందున్న శిశువులు పెద్దవారైనప్పుడు, వారి దేహములు చక్కెరను సరిగా వినియోగించుకొనలేకపోయెను. తల్లిగర్భమును గాని జన్యువులను గాని ఎవడును కోరుకొని పుట్టడు. డ్యూటీ వేళలు కూడ తరచుగా కార్మికుని చేతిలో ఉండవు.

పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపము ఇతనిదా, తలిదండ్రులదా అని శిష్యులు అడిగినట్లు యోహాను సువార్త 9వ అధ్యాయము చెప్పుచున్నది. ప్రభువు ఎవరిమీదను నేరము మోపలేదు. చేయవలసిన పనివైపు వారి దృష్టిని త్రిప్పెను.

ఆ పని నేడును కలదు. వ్యాధి అంచున నున్నవారు ఆహారమును సవరించుకొని నడక సాగించినయెడల, మధుమేహము వచ్చుట నూటికి 28 వంతులు తగ్గునని చెన్నైలో జరిగిన పరిశోధన 2006లో తెలిపెను. అయితే ఒక్కనికి వేరు కంచము పెట్టి, తక్కినవారు మిఠాయి భుజించుచుండగా అతడు నిలువజాలడు. ఇల్లంతయు ఒకే మితాహారము వండుకొనుట, వంశములో వ్యాధిగలవారు ముందుగానే రక్తపరీక్ష చేయించుకొనుట, సంఘపు విందులలో రోగిని బలవంతము చేయకుండుట ప్రేమకు తగిన కార్యములు. పొరుగువాని జన్యువులను ఎవరును మార్చలేరు. అతడు బ్రదుకు నేలను బాగుచేయుటలో అందరికిని పాలు కలదు.